డ్రమ్ములో కాలువ నీళ్లు

నాకు ఉద్యోగం వచ్చింది. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను, ఆపుకోలేను కాబట్టి. పొద్దుట్నుంచి కనపడినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. పాలు పోసే ఆవిడకి చెప్పాను, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకి చెప్పాను, రాంగ్ నంబరు వస్తే ఆయనక్కూడా చెప్పాను. ఆయన పాపం "మంచిదమ్మా" అని పెట్టేశాడు. చదువు మా ఇంటా వంటా లేనిది. అమ్మ ఐదో తరగతి, నాన్న ఏడు. నేను బీటెక్ మెకానికల్. లారీలు బాగుచేసే పెద్ద వర్క్‌షాపులో ట్రైనీ ఇంజనీరుని. సోమవారం చేరాలి.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆయన, పాత లారీ ఒకటి వేడెక్కిపోతోంది, నువ్వు మొదట ఏం చేస్తావు అని అడిగాడు. నా ముందు వెళ్లిన అబ్బాయిలు ఫ్యాన్ బెల్టు అనీ వాటర్ పంపు అనీ చెప్పారట. నేను, "అందులో ఇన్నాళ్లూ ఏ నీళ్లు పోశారో డ్రైవరుని అడుగుతానండి" అన్నాను. ముగ్గురూ తలలెత్తి చూశారు. ఉద్యోగం ఇచ్చింది ఆ ఒక్క మాటకేనని నా నమ్మకం. ఆ మాట నీకెలా తెలుసని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకే తెలీదు. అడక్కపోయినా ఇక్కడ రాసేస్తే నయమనిపించింది.

మా నాన్నకి ఒక లారీ ఉంది. ఆయన దగ్గరికి రాకముందే ఇద్దరి చేతులు మారింది. పాలకొల్లు నుంచి రాజమండ్రి కొబ్బరికాయలు తోలతాడు. ఆ లారీ రేడియేటర్ ఎన్ని అతుకులు వేయించినా ఏదో ఒక మూల కారుతూనే ఉంటుంది. అందుకని అందులో కూలెంట్ పోసి లాభం లేదు, నీళ్లే పోయాలి. రోజూ రెండు మూడు చెంబులు తాగుతుంది. అయితే ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు పొయ్యడు మా నాన్న. మాది నరసాపురం వైపు ఊరు. బోరు వేస్తే పడేది ఉప్పు నీళ్లు. తలకి పోసుకుంటే జుట్టు అట్ట కట్టేస్తుంది, సబ్బు నురగ రాదు. బిందె కడిగి బోర్లిస్తే ఆరేసరికి తెల్లటి చారలు. అందుకని లారీకి ఎప్పుడూ కాలువ నీళ్లే.

ఎండాకాలం వస్తే కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊళ్లో చెరువులు నింపుకుంటారు. మా నాన్న డ్రమ్ము నింపుకుంటాడు. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, పది టిన్నులు పడుతుంది. నింపి, మూత బిగించి, పైన తడి గోనెపట్టా కప్పుతాడు. మళ్లీ నీళ్లు వదిలేదాకా లారీకి అవే. ఆ నీళ్లు ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆవకాయ జాడీకైనా ఇంత మడి లేదని అమ్మ దెప్పుతూ ఉంటుంది.

ఈ ఏడాది కాలువ కట్టేసే రోజున నాన్న ట్రిప్పులో ఇరుక్కుపోయాడు. దారిలోంచి ఫోన్ చేసి, సాయంత్రం లోపల డ్రమ్ము నింపమ్మా, రేపటికి నీళ్లు ఉండవు అన్నాడు. నాకు ఆ రోజు కాలేజీ లేదు. స్కూటీ మీద ముందొక టిన్ను, వెనకొక టిన్ను పెట్టుకుంటే ఐదు ట్రిప్పులు. కాలువ మీద లాకుల దగ్గర మెట్లుంటాయి, దిగి ముంచుకోవచ్చు. అలాగే అని వెళ్లాను.

మా కాలేజీ బస్సు ఆగేది కూడా ఆ లాకుల దగ్గరే.

మొదటి ట్రిప్పు నీళ్లు ముంచుకుని మెట్లెక్కుతున్నాను. పాత నైటీ మీద చున్నీ, మోకాళ్లదాకా బురద, రెండు చేతుల్లో రెండు టిన్నులు. అప్పుడే బస్సొచ్చి ఆగింది. వేరే బ్రాంచీ అమ్మాయిలు నలుగురు దిగారు, అందరూ నాకు తెలిసినవాళ్లే. ఒకమ్మాయి నవ్వుతూ, "ఏంటే, ప్లేస్‌మెంట్ వచ్చేసిందా" అంది. మిగతా ముగ్గురూ నవ్వారు. ఎగతాళేమీ కాదు, సరదాకే అంది. నేనూ నవ్వాను. లారీలోకి అని చెప్పలేకపోయాను. ఇంట్లో మోటారు పాడైంది అన్నాను.

ఆ రెండు టిన్నులూ తీసుకొచ్చి డ్రమ్ములో పోశాను. మళ్లీ వెళ్లలేదు. ఇంకో రెండు బస్సులు రావాలని నాకు తెలుసు. పెరట్లో బోరు మోటారు స్విచ్చి వేసి, పైపు తెచ్చి డ్రమ్ములో పెట్టాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ముందు పోసిన కాలువ నీళ్ల బురద కలిసి మొత్తం నీళ్లకి ఎర్రటి రంగు వచ్చింది. చూస్తే అచ్చం కాలువ నీళ్లే. మూత బిగించాను, గోనెపట్టా తడిపి కప్పాను.

పొద్దుగూకేవేళకి నాన్న వచ్చి మూత తీసి చూసుకున్నాడు. "ఐదు ట్రిప్పులూ నువ్వే తిరిగావా అమ్మా?" అన్నాడు. తిరిగాను అన్నాను. పిల్ల అలిసిపోయింది, పెందలాడే అన్నం పెట్టెయ్ అని అమ్మకి కేకేశాడు. ఆ రోజు నాకు రెండు గుడ్లు వేసింది అమ్మ. తిన్నాను.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. తర్వాత రెండు వారాలకి పరీక్షలు. ఆటోమొబైల్ పేపర్లో, ఇంజన్ కూలింగ్ సిస్టమ్‌లో వచ్చే లోపాలేమిటి, కారణాలేమిటి అని పెద్ద ప్రశ్న ఇచ్చారు. నేను రేడియేటర్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, ఉప్పు నీళ్లు, కఠిన జలం వాడితే గొట్టాల లోపల పొర కట్టి దారి మూసుకుపోతుందని రాసి, ఆ వాక్యం కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. గీత గీస్తున్నప్పుడైనా మా పెరట్లో డ్రమ్ము నాకు గుర్తు రాలేదు. ఆ పేపర్లోనే నాకు అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి.

రిజల్ట్స్ వచ్చిన రోజు నాన్న మార్కుల కాగితం జిరాక్సు తీయించి, లామినేషన్ చేయించి, లారీ క్యాబిన్లో దేవుడి పటం పక్కన వేలాడదీశాడు. తిరుగు ట్రిప్పులో పని గట్టుకుని ఆత్రేయపురం వెళ్లి రెండు పెట్టెల పూతరేకులు తెచ్చాడు. ఒకటి రాజమండ్రిలో సరుకు దింపుకునేవాళ్లకి, ఒకటి రావులపాలెం దగ్గర ఆయనకి అలవాటైన లారీ మేస్త్రికి. మర్నాడు నన్నూ రమ్మన్నాడు. పిల్లని చూపించకుండా మిఠాయి పంచితే ఏం బాగుంటుంది అన్నాడు. నాకూ సరదాగానే ఉంది. కొత్త డ్రెస్సు వేసుకుని క్యాబిన్ ఎక్కాను.

లారీ అప్పటికి పది పదిహేను రోజులుగా వేడెక్కుతోంది. నాన్న ఫ్యాన్ బెల్టు మార్పించాడు, మూతకి రబ్బరు మార్పించాడు, అయినా తగ్గలేదు. ఆ రోజు పెనుగొండ దాటేసరికే మీటర్లో ముల్లు పైకి పాకడం మొదలుపెట్టింది. సిద్ధాంతం వంతెన ముందు ఒకసారి ఆపాడు, వంతెన దిగాక ఇంకోసారి. ఆపిన ప్రతిసారీ చల్లారేదాకా కూర్చుని, క్యాబిన్లో టిన్నులోంచి నీళ్లు పోస్తున్నాడు. ఆ టిన్ను మా డ్రమ్ములోంచి నింపుకొచ్చిందే. నేను పక్కన నుంచుని, అయ్యుంటే ఫలానాది అయ్యుంటుందని ఆయనకి ఇంజన్ పాఠం చెబుతున్నాను. ఆయన మంచి విద్యార్థిలా వింటున్నాడు.

మేస్త్రి షెడ్డు హైవే పక్కనే. ఆయన పెద్దాయన, కళ్లజోడుకి దారం కట్టుకుని మెళ్లో వేసుకుంటాడు. ఇరవై ఏళ్లుగా మా లారీకి ఆయనే వైద్యుడు. నాన్న దిగుతూనే లారీ సంగతి చెప్పలేదు, పూతరేకుల పెట్టె చేతిలో పెట్టి నా సంగతి చెప్పాడు. మేస్త్రి నన్ను పైకీ కిందికీ చూసి, "అయితే నా షెడ్డుకి తాళం వేసుకోవచ్చన్నమాట" అన్నాడు. లారీ వేడెక్కుతోందని విన్నాక, "ఇంకనేం, ఇంజనీరు గారే చూస్తారు, నేను స్పానర్లు అందిస్తాను" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు డ్రైవర్లు కూడా వచ్చి నుంచున్నారు.

నేను వెనక్కి తగ్గలేదు. చున్నీ నడుముకి చుట్టుకుని మొదలుపెట్టాను. బెల్టు నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. పైపులు పిసికి చూశాను. వాటర్ పంపు కింద వేలు పెట్టి చూశాను, తడి లేదు. థర్మోస్టాట్ వాల్వు ఉందా అని అడిగితే, అది తీసేసి చాలా ఏళ్లయిందమ్మా అన్నాడు నాన్న, తప్పు చేసినవాడిలా. అది అలా తీసేయకూడదని, ఎందుకు తీయకూడదో కూడా అందరి ముందూ చెప్పాను. ఆ డ్రైవర్లు మెచ్చుకోలుగా తలూపారు. చల్లారాక మూత తీయించి, టిన్నులోంచి నీళ్లు పోయించి, ఇంజన్ స్టార్ట్ చెయ్యమని లోపలికి తొంగిచూశాను. నీళ్లలో బుడగలు. ఒకటి వెనకాల ఒకటి.

నా గుండె సంతోషంతో కొట్టుకుంది, అబద్ధం ఎందుకు. పుస్తకంలో చదివింది కళ్లెదురుగా కనపడుతోంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందండి, సిలిండర్లో గాలి నీళ్లలోకి వస్తోంది అని చెప్పాను.

హెడ్ విప్పడమంటే లారీ అక్కడే నాలుగు రోజులు పడి ఉండాలి. కొబ్బరికాయలన్నీ ఇంకో లారీలోకి మార్చాలి. మా ఇంటికి ఆ లారీ తప్ప ఇంకో ఆధారం లేదు. నాన్న మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా అమ్మాయి చెప్పింది గదండి. విప్పేయండి."

మేస్త్రి లేవలేదు. ముందు టీ తాగుదాం, ఇంజన్ అలా తిరగనివ్వు అన్నాడు. టీ వచ్చింది, తాగాం. తర్వాత ఆయన నన్ను పిలిచి, ఇప్పుడు చూడమ్మా అన్నాడు. చూశాను. బుడగల్లేవు. కొత్తగా నీళ్లు పోశాం గదా, లోపలున్న గాలి పోయిందంతే, గ్యాస్కెట్ పోతే బుడగలు ఆగవు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు.

తర్వాత ఆయన ముందు జాలీ విప్పి, ఒక చెంబుతో నీళ్లు తెచ్చి రేడియేటర్ మొహం మీద ఈ చివర నుంచి ఆ చివరికి చల్లాడు. చల్లి చేతులు కట్టుకుని నుంచున్నాడు. మేమందరం చూస్తున్నాం. పైనా, కుడి పక్కా నీళ్లు బుస్సుమని ఆరిపోయాయి. మధ్యలోనూ కింద ఎడమ వైపూ మాత్రం తడి అలాగే ఉండిపోయింది, ఎండలో కూడా. నాలుగేళ్లు చదివినా అంత సుళువుగా నాకెవరూ చూపించలేదు. తడి ఉన్న చోట వేడి నీళ్లు తిరగడం లేదు. గొట్టాలు మూసుకుపోయాయి.

ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, కింద కుళాయి విప్పాడు. నీళ్లు దారంలా వచ్చాయి. సన్నటి తీగ పెట్టి కెలికితే తెల్లటి పెంకులు రాలాయి. ఒక పెంకు వేళ్ల మధ్య నలిపి నాలిక మీద వేసుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. గీత గీసిన వాక్యం, పెరట్లో డ్రమ్ము, రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి. 

"ఇది బోరు ఉప్పు. ఏ నీళ్లు పోస్తున్నావయ్యా?"

కాలువ నీళ్లే అన్నాడు నాన్న. మేస్త్రి కాదన్నాడు. నాన్నకి రోషం వచ్చింది. ఆయన ఏ విషయంలో మాట పడ్డా ఊరుకుంటాడు గానీ నీళ్ల విషయంలో ఊరుకోడు. కాలువ కట్టేసే రోజున మా అమ్మాయే స్వయంగా ఐదు ట్రిప్పులు తిరిగి నింపింది, ఇంజనీరింగ్ పిల్లకి తెలీదా ఏంటి అన్నాడు. అంటూనే క్యాబిన్లోకి చెయ్యి పెట్టి టిన్ను దింపాడు. ఇదిగో చూడండి అని, మూత తీసి, పైకెత్తి గటగటా తాగాడు.

రెండు గుక్కలు మింగాక ఆగాడు. మూడో గుక్క నోట్లోనే ఉంది. ఊస్తాడనుకున్నాను. ఊయలేదు. మింగాడు. టిన్ను కింద పెట్టి, మూత మెల్లిగా బిగించాడు. నా వైపు చూడకుండా మేస్త్రితో అన్నాడు.

"నేనేనండి. డ్రమ్ము అయిపోతే మొన్న బోరు నీళ్లు పట్టాను. మర్చిపోయాను."

మేస్త్రి విరుచుకుపడ్డాడు. ఇరవై ఏళ్లుగా నీళ్ల గురించి మా అందరికీ పాఠాలు చెప్పినవాడివి, నీ బుర్ర ఏమైందయ్యా, వయసు మీద పడుతోందా అన్నాడు. ఆ ఇద్దరు డ్రైవర్లూ నవ్వారు. ఒకడు, కూతురు ఇంజనీరైంది గదా, ఇక ఆయనకి లారీతో పనేంటి అన్నాడు. నాన్న తల వంచుకుని, అవునండి, అవునండి అంటున్నాడు. నేను అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరంలో. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. లాకుల దగ్గర నలుగురమ్మాయిల ముందు ఎలా నుంచున్నానో ఇక్కడా అలాగే నుంచున్నాను. అక్కడ నవ్వాను, ఇక్కడ నవ్వలేదు, అంతే తేడా.

రేడియేటర్ దింపారు. పై ట్యాంకు అతుకు కరిగించి ఊడదీస్తే గొట్టాల నోళ్లన్నీ బయటపడ్డాయి, సగానికి పైగా తెల్లగా పూడిపోయి. ఒక్కో గొట్టంలోకీ పలచటి ఇనప బద్ద దించి పొర గీకాలి. ఆ పని నేను చేస్తానని అడిగి తీసుకున్నాను. నాన్న ఖాళీ టిన్నులు పట్టుకుని గోదావరి నీళ్లు తెస్తానని వెళ్లాడు.

గంట పైన గీకాను. కింద పరిచిన పేపరు మీద తెల్లటి పొడి కుప్ప పడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అవి మండుతుంటే కాస్త హాయిగా కూడా అనిపించింది. అప్పుడు, తల ఎత్తకుండానే, ఆ నీళ్లు పట్టింది మా నాన్న కాదండి, నేను అని మేస్త్రికి చెప్పేశాను. మేస్త్రి అతుకు వేసే ఇనప కాడ కాలుస్తున్నాడు. చెయ్యి ఆపలేదు.

"నాకు చెబితే ఏం లాభమమ్మా? ఆ నీళ్లు తాగింది నేను కాదు గదా."

నాన్న గోదావరి నీళ్లతో వచ్చాడు. చొక్కా భుజాల దగ్గర తడిసిపోయింది. రేడియేటర్ ఎక్కించేసరికి పొద్దు వాలింది. నాన్న టిన్ను ఎత్తితే నేను గరాటు పట్టుకున్నాను. నాన్నా, డ్రమ్ము సంగతి అని మొదలుపెట్టాను. ముందు నీళ్లు పొయ్యనీ అన్నాడు.

జొన్నాడ వంతెన ఎక్కాక చెప్పాను. ముల్లు మధ్యలో నిలబడి ఉంది. మొత్తం చెప్పాను. రెండు టిన్నులే తెచ్చానని, మిగతాది బోరు నీళ్లని, రంగు కలిసిపోవడం చూసి మూత బిగించేశానని. బద్ధకం అని చెప్పి ఊరుకోవచ్చు. ఆయన కూడా అదే అనుకుంటున్నాడు, ఆ మాటతో తేలిపోయేదే. అయినా అసలు కారణం కూడా చెప్పాను. కాలేజీ బస్సు వచ్చింది, నన్ను చూశారు, లారీకి నీళ్లు మోస్తున్నానని చెప్పడానికి సిగ్గేసింది అన్నాను.

నాన్న వంతెన దాటించి గేరు మార్చాడు. మార్కుల కాగితం అద్దం ముందు ఊగుతోంది. కుదుపుకి తిరిగి ఒకసారి నా వైపు, ఒకసారి ఆయన వైపు.

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు గదమ్మా. చీకటి పడ్డాక నేనే వెళ్లి తెచ్చుకునేవాణ్ణి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏడ్చి తేలికపడేదాన్ని. చీకటి పడ్డాక, అన్నాడు. తన కూతురికి చిన్నతనం కాకుండా, ఎవరూ చూడని వేళ చూసుకుని వెళ్లేవాణ్ణని. లారీ తోలుతున్నందుకు ఎవరి ముందూ సిగ్గుపడని మనిషి.

రాజమండ్రిలో సరుకు దింపుతుంటే నాన్న రెండో పెట్టె విప్పి అందరికీ పూతరేకులు పంచాడు. మా అమ్మాయండి, ఇంజనీరింగ్ పాసైందండి అని ఒక్కొక్కరికీ చెప్పాడు. పొద్దుట ఎంత సంబరంగా చెప్పాడో అంత సంబరంగానే చెప్పాడు, ఒక్క పిసరు కూడా తగ్గించలేదు. నాకూ ఒకటి ఇచ్చాడు. అదీ తిన్నాను.

ఆ వారంలోనే కాలువకి నీళ్లు వదిలారు. డ్రమ్ము బోర్లించి, కొబ్బరి పీచుతో తోమి, ఎండలో పెట్టాను. సాయంత్రం బస్సులొచ్చే వేళే చూసుకుని లాకులకి వెళ్లాను. ఐదు ట్రిప్పులు. మూడో ట్రిప్పులో బస్సు వచ్చింది, దిగినవాళ్లు చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. ఎవరో ఒకరు అడిగితే బాగుండునని నేనే ఎదురుచూశాను. అప్పట్నుంచీ వారానికోసారి డ్రమ్ములో తగ్గిన నీళ్లు నింపడం నా పని.

ఉద్యోగం ఉత్తరం ఫోన్‌కి వచ్చినప్పుడు కూడా నేను ఆ మెట్ల మీదే ఉన్నాను, నిన్న సాయంత్రం. చెయ్యి తడి, తెర మీద వేలు పెడితే జారిపోతోంది. చున్నీకి తుడుచుకుని రెండుసార్లు చదివాను. బస్సు దిగి వస్తున్న ఇద్దరమ్మాయిలు కనపడితే మొట్టమొదట వాళ్లకే చెప్పాను. ఎవరో కూడా నాకు తెలీదు. వాళ్లు కంగ్రాట్స్ అక్కా అని, ఈ నీళ్లు ఎందుకక్కా అని అడిగారు. మా నాన్న లారీకి అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు, ఉద్యోగం వచ్చినదానికన్నా ఎక్కువ సంతోషం వేసింది. అంతలోనే, ఇంత చిన్న మాటకి ఇన్ని రోజులు పట్టిందా అని మొహం వేడెక్కింది.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను.  తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత టిన్నులు దింపడానికి సాయం పట్టాడు.

డ్రమ్ము నిండిన ప్రతిసారీ నేను పక్కనే నుంచుంటాను. ఒక్కసారైనా దోసిట్లో కాసిని నీళ్లు పట్టి రుచి చూస్తాడేమోనని చూస్తాను. అలా అనుమానించి చూస్తే నా మనసు కొంత కుదుటపడుతుంది. నిన్న కూడా రుచి చూడలేదు. తొంగైనా చూడకుండా మూత పెట్టి బిగించేసి, గోనెపట్టా తడిపి తెమ్మన్నాడు.